కిక్కిరిసిన చీకటి

(బ్రిటన్‌కి చెందిన క్వీన్ అనే రాక్ బృందం రెండో ఆల్బమ్ గురించి, ఒక ఆదివారం సాయంత్రం హైదరాబాద్‌లో పాటలు వినే మిత్రుల మధ్య చేసిన ప్రసంగానికి పాఠం. రికార్డు వినిపించిన చోట్లు బ్రాకెట్లలో ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. గోడవారగా కూర్చున్నవాళ్ళు కాస్త మధ్యలోకి జరగండి. ఇది రెండు స్పీకర్ల నడుమ కూర్చుని వినాల్సిన రికార్డు. గొంతులు ఎడమ నుంచి కుడికీ, కుడి నుంచి ఎడమకీ తిరుగుతుంటాయి. ఒక పక్కకి ఒదిగి కూర్చుంటే సగం పాటే చెవిన పడుతుంది.

ఈ ఆల్బమ్ నా దగ్గరికి ఎలా వచ్చిందో చెప్పి మొదలుపెడతాను. వరంగల్‌లో హాస్టల్లో ఉండి చదువుకునే రోజులవి. మా రూమ్మేటు వాళ్ళ బావ గల్ఫ్ నుంచి తెచ్చిన క్యాసెట్లలో ఒకదాని మీద ఏమీ రాసి లేదు. బృందం పేరు లేదు, పాటల పేర్లు లేవు. ఆ రాత్రి కరెంటు పోయింది. సెల్లులు వేసుకునే టేప్ రికార్డరు ఒకటి ఉండేది మాకు. దాంట్లో ఆ క్యాసెట్ పెట్టాం. ఏ వైపు ముందో తెలీదు, చీకట్లో చేతికి ఎలా వస్తే అలా పెట్టేశాం. మీట నొక్కగానే, ఎవరో ఊపిరి లోపలికి పీల్చుకుంటున్నట్టు ఒక శబ్దం. టేపు చుట్టుకుపోయిందనుకుని గబగబా ఆపి మూత తీశాను. తడిమి చూస్తే టేపు బాగానే ఉంది. మళ్ళీ పెట్టాం. మళ్ళీ అదే. మూడోసారి మా రూమ్మేటు నా చెయ్యి పట్టుకుని, "ఉండనీరా, ఏమవుతుందో చూద్దాం" అన్నాడు. ఆ పీల్పులోంచి ఒక గిటారు లేచింది. తర్వాత ఒకటీ రెండూ కాదు, ఒక ఊరు ఊరంతా అరిచినట్టు కేకలు.

(రికార్డు: 'ఓగర్ బ్యాటిల్' మొదటి నిమిషం)

విన్నారు కదా. పేరుకి అర్థం రాక్షసుల యుద్ధం. పాట చివర వచ్చే భాగాన్నే టేపు తిరగేసి ఇక్కడ మొదట్లో అతికించారు. యుద్ధం మొదలవకముందే దాని ముగింపు మన చెవిన పడిపోయింది, తల్లకిందులుగా. అది పాట చివరికి చేరాక, అక్కడ అవే శబ్దాలు తిన్నగా వినిపించినప్పుడు తెలుస్తుంది. నాకది తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ రాత్రి తెలిసింది ఒక్కటే, ఇలాంటిది అంతకుముందు వినలేదని.

క్వీన్ అనగానే మనవాళ్ళలో చాలామందికి గుర్తొచ్చేవి క్రికెట్ స్టేడియంలో వాయించే పాటలు, చప్పట్లు, కాళ్ళతో నేల తన్నడాలు. ఆ పాటలంటే నాకూ ఇష్టమే. కాని ఈ రెండో ఆల్బమ్‌లో ఉన్న క్వీన్ వేరు. దీని పేరు 'క్వీన్ టూ', అంతే. 1974 మార్చి 8న బ్రిటన్‌లో వచ్చింది. 11 పాటలు, సుమారు 40 నిమిషాలు. రికార్డుకి ఎ వైపు, బి వైపు అని ఉండవు. ఒకటి తెల్ల వైపు, ఇంకొకటి నల్ల వైపు. తెల్ల వైపు నాలుగు పాటలు గిటారిస్టు బ్రయన్ మే రాసినవి, అయిదోది డ్రమ్ములు వాయించే రోజర్ టేలర్ రాసి పాడినది. నల్ల వైపు ఆరింటికి ఆరూ ముఖ్య గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీవి. బేస్ గిటారు వాయించే జాన్ డీకన్ ఇందులో పాట రాయలేదు. ఆయన చేసిన ఒక వస్తువు మాత్రం ఈ ఆల్బమ్ మొదటి నిమిషంలోనే వినిపిస్తుంది, దాని దగ్గరికి వస్తాను.

ఈ రికార్డు పుట్టిన కాలం గురించి రెండు మాటలు. వీళ్ళ మొదటి ఆల్బమ్‌ని లండన్ సోహోలో ట్రైడెంట్ స్టూడియోలో చేశారు. కాని డబ్బిచ్చే పెద్ద గాయకులు వెళ్ళిపోయాక, స్టూడియో ఖాళీగా ఉన్నప్పుడు దొరికిన గంటల్లో చేశారు. అర్ధరాత్రుళ్ళు, తెల్లవారుజాములు. పని అయిపోయాక కూడా అది విడుదలకి నోచుకోక నెలల తరబడి పడి ఉంది. చివరికి 1973 జులైలో బయటికొచ్చేసరికి వీళ్ళ మనసు దాన్ని దాటిపోయింది. ఆగస్టులో, అంటే నెల తిరగకుండానే, రెండోదానికి అదే ట్రైడెంట్‌లో కూర్చున్నారు. ఈసారి మిగిలిన గంటలు కాదు, తమకంటూ కేటాయించిన సమయం. 'ఓగర్ బ్యాటిల్' పాట మొదటి ఆల్బమ్ నాటికే ఉంది. అయినా అప్పుడు రికార్డు చెయ్యలేదు, ఇలాంటి అవకాశం వచ్చేదాకా దాచుకున్నారు. పాతికేళ్ళ వయసులో, చేతిలో మంచి పాట పెట్టుకుని, ఇప్పుడు కాదులే అని ఆగడానికి ఎంత నమ్మకం కావాలో ఆలోచించండి.

ఇంకో సంగతి. ఆల్బమ్ తయారై కూర్చున్నా విడుదల వెనక్కి జరిగింది. 1973 చివర్లో చమురు సంక్షోభం, బొగ్గు గని కార్మికుల ఆందోళన, రెండూ కలిసి బ్రిటన్‌లో కరెంటుకి కటకట వచ్చింది. 1974 జనవరి 1 నుంచి చాలా పరిశ్రమలకి వారానికి మూడు రోజులే కరెంటు. కొన్నాళ్ళు టీవీ ప్రసారాలు రాత్రి పదిన్నరకే ఆపేశారు. ఆ మూడు రోజుల వారం ముగిసింది మార్చి 7న. ఈ ఆల్బమ్ వచ్చింది ఆ మర్నాడు. దీనికి పెద్ద అర్థమేదో అంటగట్టను. కాని నేను దీన్ని మొదటిసారి కరెంటు పోయిన రాత్రి విన్నవాణ్ణి కాబట్టి, ఇది చీకట్లోంచి నడిచొచ్చిన రికార్డు అన్న సంగతి తెలిసినప్పుడు ఒళ్ళు జలదరించింది.

అట్ట ఒకసారి చూడండి. ఇది చేతులు మారుతూ వెనక్కి వెళ్ళనివ్వండి, అంచులు జాగ్రత్త. నల్లటి నేపథ్యంలో నాలుగు ముఖాలు, పైనుంచి వెలుగు. ఫ్రెడీ చేతులు గుండెల మీద ఒకదానిపై ఒకటి. కళ్ళ గుంటల్లో నీడ. ఫొటో తీసింది మిక్ రాక్. 1932 నాటి 'షాంఘై ఎక్స్‌ప్రెస్' సినిమా కోసం తీసిన నటి మార్లీన్ డీట్రిచ్ ఫొటో ఒకటి చూసి ఆయనకీ ఆలోచన వచ్చింది. అదే కూర్పుని ఏడాదిన్నర తర్వాత, 1975లో, తమ 'బొహీమియన్ రాప్సొడీ' పాట వీడియోలో కదిలే బొమ్మగా వాడుకున్నారు. ప్రపంచమంతా గుర్తుపట్టే ఆ నాలుగు ముఖాల బొమ్మ పుట్టిల్లు ఈ అట్టే. లోపలి మడత తెరిస్తే అదే నలుగురు, తెల్లటి బట్టల్లో.

ఇక్కడ నేను చెప్పాలనుకున్న అసలు మాటకి వస్తాను. హార్డ్ రాక్‌లో చీకటి అనగానే బ్లాక్ సబ్బాత్ బృందంవాళ్ళు గుర్తొస్తారు, న్యాయంగానే. వాళ్ళ చీకటి ఎలా ఉంటుంది? నెమ్మదిగా నడిచే గిటారు, స్వరానికీ స్వరానికీ మధ్య వెలితి. నిర్మానుష్యమైన రోడ్డు మీద ఒక్కడే నడుస్తున్నట్టు ఉంటుంది. ఆ వెలితే భయపెడుతుంది. క్వీన్ రెండో ఆల్బమ్‌లో చీకటికి ఖాళీ అన్నది లేదు. కిక్కిరిసిన చీకటి అది. జాతరలో ఒక్కసారిగా దీపాలు ఆరిపోతే ఎలా ఉంటుంది? అంతమందీ అక్కడే ఉన్నారు, ఊపిరి తగులుతోంది, పట్టుచీరల గరగర వినిపిస్తోంది, ఎవరూ కనిపించరు. నాకు ఈ రికార్డు అలా ఉంటుంది. ఆ జనమంతా ఎక్కణ్ణుంచి వచ్చారన్నదే నాకు ఎప్పటికీ తీరని ఆశ్చర్యం. ఎందుకంటే వాయించినవాళ్ళు నలుగురు, పాడినవాళ్ళు ముఖ్యంగా ముగ్గురు.

(రికార్డు: 'ప్రొసెషన్' మొత్తం)

తెల్ల వైపు మొదలయ్యేది దీంతోనే. పేరుకి తగ్గట్టు ఊరేగింపే, కాస్త అంతిమయాత్రలా కూడా అనిపిస్తుంది. ఇందులో వయొలిన్లు ఉన్నాయా? కొమ్ములు, బూరాలు ఉన్నాయా? ఏవీ లేవు. కింద గుండెలా కొట్టుకునే డ్రమ్ము తప్పిస్తే ఇదంతా గిటారు. ఒక్క మనిషి, ఒక్క గిటారు.

ఆ గిటారు కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. అయినా చెప్పకుండా ఉండలేను. బ్రయన్ మే దాన్ని కొనలేదు. 1963లో, పదహారేళ్ళ వయసులో, నాన్నతో కలిసి ఇంట్లోనే చెయ్యడం మొదలుపెట్టాడు. మెడకి వాడిన చెక్క పాతకాలపు పొయ్యి గూటి పైపలక. పురుగు తొలిచిన చిల్లుల్ని అగ్గిపుల్లలతో పూడ్చారు. స్ప్రింగులు పాత మోటారు సైకిలు ఇంజనువి. మెట్ల మీద గుర్తులకి అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు. మీటడానికి ఆయన ప్లాస్టిక్ బిళ్ళ వాడడు, సిక్స్‌పెన్స్ నాణెం వాడతాడు. దాని గరుకు అంచు తీగకి తగిలినప్పుడు స్వరం మొదట్లో చిన్న రాపిడి వస్తుంది, అక్షరానికి ముందు ఒత్తు పలికినట్టు.

జాన్ డీకన్ చేసిన వస్తువు అన్నాను కదా. ఎలక్ట్రానిక్స్ చదివిన మనిషి. లండన్‌లో వీధి పక్కన చెత్త తొట్టిలో ఒక సర్క్యూట్ బోర్డు కనిపిస్తే ఇంటికి తెచ్చి, పుస్తకాల అరలో పెట్టుకునే సైజు స్పీకరు పెట్టెలో అమర్చి, చిన్న యాంప్లిఫయరు చేశాడు. అది సెల్లుతోనే పనిచేస్తుంది. బ్రయన్ తన గిటారుని అందులోకి కలిపితే, స్వరం గిటారులా కాకుండా ఊదే వాద్యంలా, కొన్నిచోట్ల వయొలిన్‌లా పలికింది. ఇప్పుడు మనం విన్న ఊరేగింపు ఆ పెట్టెలోంచి వచ్చిందే. పొయ్యి చెక్క, చెత్త తొట్టిలో దొరికిన బోర్డు. రాణిగారి ఊరేగింపు నడిచింది వీటి మీద.

మరి ఒక్క గిటారు ఇన్నెలా అయింది? అప్పటి ట్రైడెంట్‌లో టేపు మీద 16 వరసలు ఉండేవి, ట్రాకులు అంటాం. ఒక వరసలో గిటారు వాయించాలి. టేపు వెనక్కి తిప్పి, అది వింటూ రెండో వరసలో దానికి జతగా ఇంకో స్వరం వాయించాలి. మళ్ళీ మూడోది. 16 నిండిపోతే? కొన్నింటిని కలిపి ఒకటి రెండు వరసల్లోకి ఎక్కించి, పాతవాటిని చెరిపేసి, ఖాళీ అయిన చోట మళ్ళీ మొదలుపెట్టాలి. పోగులు కలిపి దారం, దారాలు కలిపి తాడు పేనినట్టు. ఇందులో ప్రమాదం ఉంది. ఒకసారి కలిపాక విడదియ్యలేం. ఒక గొంతు ఎక్కువైంది తగ్గించు అనడానికి లేదు. ఎక్కించిన ప్రతిసారీ టేపు తాలూకు 'ఉస్స్' శబ్దం కూడా పెరుగుతుంది. అంటే ఆఖరున ఎలా వినిపించాలో మొదటి రోజే మనసులో ఉండాలి. గొంతులకీ ఇదే పద్ధతి. ఫ్రెడీ, బ్రయన్, రోజర్ ఒకే వరస పాడతారు, మళ్ళీ అదే వరస మీద పాడతారు, తర్వాత వేరే స్థాయిలో పాడతారు. రోజర్ గొంతు ఆడవాళ్ళ శ్రుతిని కూడా దాటి పైకి వెళ్తుంది. రాక్షసుల కేకల్లో ఆ పైన చీరుతున్నది అతనే. ఈ పనిని దగ్గరుండి నడిపించినవాళ్ళలో ముఖ్యుడు నిర్మాత రాయ్ థామస్ బేకర్. రెండు పాటలకి రాబిన్ జెఫ్రీ కేబుల్ పనిచేశాడు. రకరకాల వాద్యాల శబ్దాల్ని కరెంటుతో పుట్టించే సింథసైజరు ఎవరూ వాయించలేదని అట్ట మీద అచ్చు వేయించుకున్నారంటే వాళ్ళ పంతం అర్థమవుతుంది. వినేవాడు 'ఏదో మెషీన్‌లే' అనుకోకూడదు. చేత్తో చేసిన పని చేత్తో చేసినట్టే తెలియాలి.

ఇప్పుడు 'వైట్ క్వీన్'. కొంచెం నిశ్శబ్దంగా వినండి. మధ్యలో గిటారు దగ్గర చెయ్యి ఎత్తుతాను.

(రికార్డు: 'వైట్ క్వీన్'లో కొంత భాగం)

ఇక్కడ. ఈ జుమ్మనే రొద. ఎవరికైనా సితార్ అనిపించిందా? అనిపించాలి. బ్రయన్ దగ్గర చవక రకం అకూస్టిక్ గిటారు ఒకటి ఉండేది. దాని బ్రిడ్జిని, మన వీణకైతే గుర్రం అంటారు కదా, దాన్ని మార్చి, తీగ నిటారుగా తేలకుండా కొద్దిగా రాసుకుంటూ మోగేట్టు చేశాడు. మన తంబూరాలో తీగ కింద దారప్పోగు పెట్టి, దాన్ని వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి, ఆ రొద తెప్పిస్తారు. సూత్రం అదే. తీగ ఒక్క చోట తాకకుండా వరసగా తాకుతూ పోతే స్వరంలోంచి ఇంకో పది స్వరాలు పైకి లేస్తాయి. మళ్ళీ ఒకటి పది కావడమే, చూశారా. టేపు మీద చేసిన పనిని ఇక్కడ ఒక్క తీగ చేస్తోంది.

ఈ పాట మాటల్ని బ్రయన్ 1968లోనే, చదువుకునే రోజుల్లోనే రాసుకున్నాడు. కవి రాబర్ట్ గ్రేవ్స్ రాసిన 'ది వైట్ గాడెస్' పుస్తకం చదివిన ప్రభావం అందులో ఉంది. తెల్ల రాణి ఇక్కడ దుఃఖపు మనిషి. ఎదురుచూపు, అందకపోవడం. ఇక్కడ నాకు ఎప్పుడూ తోచే ఒక మాట చెబుతాను. తెలుపు మంచి, నలుపు చెడు అని లెక్కలేసి ఈ రికార్డు వినేవాళ్ళు పొరపాటు పడతారు. దుఃఖం అంతా తెల్ల వైపే ఉంది. మనకిది వింతేం కాదు. తెల్లచీర చూస్తే కళ్ళు దించుకున్న ఇళ్ళలోంచి వచ్చినవాళ్ళం. తెలుపు కూడా దుఃఖపు రంగే అని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. తెల్ల వైపు పాటలు చూడండి, ఒకటి తండ్రి కొడుక్కి చెప్పే మాట, ఒకటి కొడుకు ఇల్లు వదిలి వెళ్ళిపోతే ఓడిపోయి మిగిలిన తల్లి గురించి. అది ఇల్లు. నల్ల వైపు అడవి. అక్కడ రాక్షసులు కొట్టుకుంటారు, మరుగుజ్జులు గుమిగూడతారు, నల్ల రాణి కవాతు చేస్తుంది. అడవిలో భయం ఉంటుంది, కాని ఆట కూడా అక్కడే ఉంటుంది. 'వైట్ క్వీన్' ఇంట్లో ఇమిడే పాట కాదని మీరు అడ్డు చెప్పొచ్చు, ఒప్పుకుంటాను. కిటికీలోంచి అడవి వైపు చూస్తున్న పాట అది.

రోజర్ పాట గురించి ఎక్కువ చెప్పను. డ్రమ్ముల మోత బాగుంటుంది, మిగతావాటి పక్కన మాత్రం కాస్త తేలిక. నల్ల వైపుకి వెళ్దాం.

రాక్షస యుద్ధం అయ్యాక గాలి వీస్తుంది, పాట ఆగకుండానే రెండో పాటలోకి దారి తీస్తుంది. దాని పేరు 'ది ఫెయిరీ ఫెల్లర్స్ మాస్టర్ స్ట్రోక్'. ఇది ఒక బొమ్మ పేరు. లండన్ టేట్ గ్యాలరీలో ఉంది. వేసింది రిచర్డ్ డాడ్ అనే చిత్రకారుడు. ఆయన కథ వింటే గుండె బరువెక్కుతుంది. మంచి పేరు తెచ్చుకుంటున్న కుర్రవాడు. 1842లో ఒక పెద్దమనిషి వెంట తూర్పు దేశాలు, ఈజిప్టు తిరిగి వచ్చాడు. ఆ ప్రయాణంలోనే మతి చలించింది. ఒక ఈజిప్షియన్ దేవుడు తనని నడిపిస్తున్నాడని నమ్మాడు. 1843లో కన్నతండ్రిని చంపేశాడు. తర్వాత జీవితమంతా ఆసుపత్రి గోడల మధ్యే, మొదట బెత్లెం, ఆ తర్వాత బ్రాడ్‌మూర్. బెత్లెంలో ఉండగా ఈ బొమ్మ మొదలుపెట్టాడు. 1855 నుంచి 1864 దాకా తొమ్మిదేళ్ళు. కాన్వాసు ఎత్తు సుమారు 54 సెంటీమీటర్లు, వెడల్పు సుమారు 39. మన పెళ్ళి ఫొటోల ఆల్బమ్ తెరిస్తే ఎంత ఉంటుందో అంత. అందులో గడ్డిపరకల వెనక డజన్ల కొద్దీ చిన్న మనుషులు. మధ్యలో ఒకడు మనకి వీపు పెట్టి, గొడ్డలి ఎత్తి నిలబడ్డాడు. ఎదురుగా ఒక కాయ. దాన్ని ఒక్క వేటుతో పగలగొట్టాలి, యక్షిణుల రాణికి బండి చెయ్యడానికి. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. గొడ్డలి ఇంకా దిగలేదు. తొమ్మిదేళ్ళు వేసినా బొమ్మలో కొన్ని చోట్ల రంగు పడనే లేదు.

ఫ్రెడీ ఆ బొమ్మ ముందు నిలబడిపోయాడు. మిగతావాళ్ళని కూడా వెంటపెట్టుకెళ్ళి చూపించాడు. డాడ్ తన బొమ్మలో ఎవరెవరున్నారో వివరిస్తూ పద్యం కూడా రాసుకున్నాడు. ఆ మనుషులే పాటలోకి నడిచొచ్చారు. పాట మూడు నిమిషాలు కూడా ఉండదు. పియానోకి ముందుకాలపు వాద్యం హార్ప్సికార్డ్ టిక్కుటిక్కుమంటూ పరిగెడుతుంది, వాయించింది ఫ్రెడీయే. ఒక్కో మాటకి ఒక్కో గొంతు, ఒక్కో మూల నుంచి. ఒకడు ఎడమ చెవిలో తొంగిచూసి పోతాడు, ఇంకొకడు కుడి చెవి వెనక నవ్వుతాడు.

(రికార్డు: 'ది ఫెయిరీ ఫెల్లర్స్ మాస్టర్ స్ట్రోక్')

నేను ఈ పాటని ముందు విన్నాను, బొమ్మని అచ్చులో చాలా ఏళ్ళ తర్వాత చూశాను. చూడగానే అనిపించింది, ఇది ఎక్కడో చూశానే అని. చూడలేదు, విన్నాను. ఫ్రెడీ ఆ బొమ్మ నుంచి తీసుకున్నది మనుషుల పేర్లే అయితే దీని గురించి ఇంతసేపు చెప్పేవాణ్ణి కాదు. బొమ్మ వేసిన పద్ధతినే తీసుకున్నాడు. చిన్న చోటు, అందులో వేలెడు జాగా కూడా వదలకుండా నింపడం. ముందు గడ్డి, గడ్డి వెనక మనిషి, మనిషి వెనక ఇంకో మనిషి. పదహారు వరసల టేపు మీద చేసింది కూడా అదే. డాడ్‌కి బయటి లోకం మూసుకుపోయింది కాబట్టి, జానెడు బట్ట మీద లోకాన్ని కట్టుకున్నాడు.

(సభలో ఒకరు: "ఫ్రెడీ జీవితంలో కూడా అలాంటిది ఉందా సార్?")

మంచి ప్రశ్న అండీ. జాగ్రత్తగా చెప్పాల్సిన విషయం. ఫ్రెడీ అసలు పేరు ఫరోఖ్ బుల్సారా. పార్సీ కుటుంబం, మూలం గుజరాత్. పుట్టింది 1946లో జాంజిబార్‌లో. ఎనిమిదేళ్ళ వయసులో అమ్మానాన్నల్ని వదిలి సముద్రం దాటి మహారాష్ట్ర కొండల్లో పంచగనికి వచ్చాడు, బోర్డింగ్ స్కూలుకి. పియానో నేర్చుకున్నది అక్కడే, మొదటి బృందంలో వాయించింది అక్కడే. 1963లో జాంజిబార్ తిరిగి వెళ్ళాడు, 1964లో అక్కడ విప్లవం. కుటుంబమంతా ఇంగ్లండ్ చేరింది. అంటే పదిహేడేళ్ళకే మూడు ఖండాలు. ఇప్పుడీ నల్ల వైపు చివరి పాట 'సెవెన్ సీస్ ఆఫ్ రై'. రై అన్నది ఏ పటంలోనూ లేని రాజ్యం, ఆయన కల్పించుకున్నది. ఇల్లు పోగొట్టుకున్నవాడు కాబట్టి రాజ్యం కట్టుకున్నాడు అని చెప్పెయ్యాలని నాకూ నోటిదాకా వస్తుంది. కాని ఊళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు లక్షల్లో ఉన్నారు, ఈ పాటలు రాసింది ఒక్కడు. జీవితం ముడిసరుకు ఇస్తుంది. పని మాత్రం ఆ రాత్రుళ్ళు కూర్చుని చేసినవాడిదే. ఆయన దగ్గర ఆ ముడిసరుకు పుష్కలంగా ఉంది, అంతవరకు చెబుతాను.

మధ్యలో 'నెవర్‌మోర్' అని చిన్న పాట. నిమిషంపైన కొద్దిగా. అందులో పియానో తీగల్ని చేత్తో మీటారు. ఒకపక్క మీట్లు నొక్కుతుండగానే, లోపల చెయ్యి పెట్టి. అంత గలాటా తర్వాత, గుడి వెనక కోనేటి మెట్ల మీద కూర్చున్నంత ప్రశాంతత. అది అయిపోగానే నల్ల రాణి.

'ది మార్చ్ ఆఫ్ ది బ్లాక్ క్వీన్' ఈ ఆల్బమ్‌కి గుండెకాయ. ఆరున్నర నిమిషాలు. పల్లవి, చరణం, పల్లవి అని లెక్కపెట్టడానికి కుదరదు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తలుపులు తెరుచుకుంటూ పోతాయి, వెనక్కి రావడం ఉండదు. 'బొహీమియన్ రాప్సొడీ'కి తల్లివేరు ఇదే అని విన్నవాళ్ళెవరికైనా తెలుస్తుంది. నా మటుకు నాకు, కూతురికన్నా తల్లే నచ్చుతుంది. రాప్సొడీలో ప్రతి మలుపూ ముందే తెలిసిన దారిలా నున్నగా ఉంటుంది. ఇక్కడ పాడేవాడికే దారి తెలీదేమో అన్న ఉత్కంఠ ఉంది. మన సంగీతం నేర్చుకున్నవాళ్ళు ఇక్కడెవరైనా ఉంటే ఒక చోట చెవి పెట్టండి. ఒకవైపు లెక్క చతురశ్రంగా, నాలుగేసి అక్షరాలుగా పోతుంటే, అదే సమయంలో దాని మీద తిస్రం, మూడేసిగా నడుస్తుంది. మన మృదంగంవాళ్ళు రెండు గతుల్ని ఒకదాని మీద ఒకటి నడిపితే సభ తల ఊపుతుంది కదా. పాశ్చాత్య రాక్ పాటల్లో రెండు నడకలు ఒకేసారి ఇలా పోవడం చాలా అరుదు. కాళ్ళు ఒక లెక్కలో, చేతులు ఇంకో లెక్కలో. తేలుతున్నట్టు ఉంటుంది, పడిపోతామేమో అన్నట్టూ ఉంటుంది.

(రికార్డు: 'ది మార్చ్ ఆఫ్ ది బ్లాక్ క్వీన్' మొత్తం)

చప్పట్లు నాకు కాదండీ, వాళ్ళకి.

వచ్చినప్పుడు దీన్ని పత్రికలు అందరూ మెచ్చుకున్నారని అనుకోకండి. బ్రిటన్‌లో కొందరు విమర్శకులు గట్టిగానే తిట్టారు, హంగు ఎక్కువ, సరుకు తక్కువ అని. జనం మాత్రం కొన్నారు, బ్రిటన్‌లో అయిదో స్థానం దాకా వెళ్ళింది. తర్వాతి తరంలో గన్స్ అండ్ రోజెస్ గాయకుడు ఆక్సెల్ రోజ్ లాంటివాళ్ళు తమకి అతిగా ఇష్టమైన ఆల్బమ్‌లలో ఇదొకటని చెప్పారు. హంగు ఎక్కువ అన్న మాట అబద్ధం కాదు. నిండుగా ఉంటే నచ్చనివాళ్ళు ఉంటారు. గోపురం మీద అన్ని బొమ్మలెందుకు అని అడిగేవాళ్ళు ఉంటారు. నేను గోపురం కింద మెడ నొప్పెట్టేదాకా నిలబడే రకం.

ఇక ఆఖరి పాట. 'సెవెన్ సీస్ ఆఫ్ రై' మొదటి ఆల్బమ్ చివర్లో కూడా ఉంది, మాటల్లేకుండా, ఒక నిమిషంపైన చిన్న తునకగా. ఇక్కడ పూర్తి పాటైంది. 1974 ఫిబ్రవరిలో బీబీసీ 'టాప్ ఆఫ్ ది పాప్స్' కార్యక్రమంలో గాయకుడు డేవిడ్ బోయీ తాలూకు ఫిల్మ్ అందక చోటు ఖాళీ అయితే, ఆ చోట్లో వీళ్ళని పిలిచారు. వీళ్ళు ఈ పాట ఇచ్చారు. అదే బ్రిటన్‌లో వీళ్ళ మొదటి హిట్టు, పదో స్థానం. తర్వాత నెల ఊరూరా సొంత కచేరీలు, మార్చి 31న లండన్ రెయిన్‌బో థియేటర్. ఆపైన అమెరికా వెళ్ళారు, అక్కడ బ్రయన్‌కి హెపటైటిస్ రావడంతో ప్రయాణం మధ్యలో ఆగిపోయింది.

పాట చివర జాగ్రత్తగా వినండి. ఇంత అడవి దాటి, ఇన్ని రాక్షస యుద్ధాలు, రాణుల కవాతులు దాటాక, రై సముద్రాలు మెల్లగా దూరమవుతాయి. అప్పుడు జనం గుంపుగా, సరదాగా, కొంచెం అపశ్రుతిలో ఒక పాత ఇంగ్లీషు పాట అందుకుంటారు. సముద్రపు ఒడ్డున ఉండటం నాకెంతో ఇష్టం అనే పాట, సెలవులకి బీచికి వెళ్ళే మామూలు కుటుంబాల పాట. ఆ రాత్రి హాస్టల్లో మాకు సెల్లులు నీరసించి, టేపు మెల్లబడి, ఆ జనమంతా నిద్రమత్తులో పాడుతున్నట్టు వినిపించింది. అలాగే ఉంటుందేమో అనుకుని చాలాకాలం అలాగే ఇష్టపడ్డాను.

ఇంకొక్క సంగతి, తర్వాత రికార్డు పెట్టేస్తాను. అదే ఏడాది నవంబరులో వీళ్ళ మూడో ఆల్బమ్ వచ్చింది. ఎప్పుడైనా దాన్ని దీని వెనకే పెట్టి వినండి. అది మొదలయ్యేది తిరునాళ్ళ సందడితో. రంగులరాట్నం తిరుగుతున్న చప్పుడు, పిల్లల గోల. ఆ గోలలో ఎవరో ఈల వేస్తూ పోతుంటారు. ఆ ఈల, ఇక్కడ వీళ్ళు పాడుతూ వదిలేసిన ఆ సముద్రపు ఒడ్డు పాటే.

(రికార్డు: 'సెవెన్ సీస్ ఆఫ్ రై')